మూడో నాజిల్

“కోటిగారూ, ఏమనుకోకండి, మళ్ళీ ఒక్కసారి చెప్పండి. నిన్న ఈ కారు మీ ఫ్యాక్టరీకి వచ్చిందా, రాలేదా?”

“రాలేదు మేడమ్. ఎన్నిసార్లు చెప్పాల? ఆదివారం నుంచి దాని మొహం కూడా నేను చూడలా. చూసిందల్లా ఇదో, ఇప్పుడే, ఇట్ల.”

కోటి కండువా కొసతో కళ్ళు ఒత్తుకున్నాడు. పావని ఆ కళ్ళవైపు చూడలేదు. పదేళ్లు బ్రేక్ ఇన్‌స్పెక్టరుగా ఎండలో లారీలు ఆపి, పైవాళ్లతో పడక ఉద్యోగం వదిలేసి, డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్న మనిషి ఆమె. కన్నీళ్లకన్నా టైములంటేనే ఆమెకు నమ్మకం. నోటుబుక్కులో ‘రాలేదు’ అని రాసి కింద గట్టిగా గీత గీసింది. పక్కన టైము వేసింది, రెండూ నలభై ఐదు.

గిద్దలూరు శివార్లలో క్రేన్ల యార్డు అది. రేకుల పంచ కింద ముందుభాగం నలిగిపోయిన తెల్ల టర్బో కారు పడి ఉంది. నిన్న మధ్యాహ్నం మూడూ పదికి నల్లమల ఘాట్ దిగుతూ, మలుపు తిరక్కుండా తిన్నగా పోయి చెట్టుకు గుద్దుకుంది. నడిపినవాడు ఆనంద్. మార్కాపురం దగ్గర పలకల ఫ్యాక్టరీలో కోటికి వాటాదారు, కోటి భార్య రాధికకు సొంత తమ్ముడు. ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఆసుపత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు.

ఆ కారుకు మెకానిక్ స్టీఫెన్. పంచ గుంజకు ఆనుకుని, పెదాలు ఎండిపోయి నిలబడ్డాడు. పక్కనే, పావనిని పిలిపించిన అతని భార్య ఫెబీ, చేతిలో ఐదు లీటర్ల క్యాను. మొగుణ్ణి స్టేషన్‌లో పెడితే తాగడానికని ఇంటి దగ్గర నుంచి మోసుకొచ్చిన నీళ్లు అవి. నాలుగింటికి ఎస్సై వస్తాడు. ఆయన చేతికి హరిబాబు రిపోర్టు అందగానే స్టీఫెన్ లోపలికి పోవడమే. ఆనంద్‌కు జరగరానిది జరిగితే, ఎన్నేళ్లకు బయటికొస్తాడో ఫెబీకి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

హరిబాబు అంటే ఒంగోలు నుంచి ఇన్సూరెన్స్ కంపెనీ పంపించిన డిటెక్టివ్. ఇస్త్రీ చొక్కా, చేతిలో ట్యాబు, నోట్లో ఎప్పుడూ ఒక సోంపు పలుకు. పావని వచ్చినప్పటినుంచీ ఆమె పక్కనే తిరుగుతూ, ఆమె ఏది చూస్తే దాని ఫోటో తీస్తున్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది.

“మేడమ్, నేను ఆసుపత్రికి పోవాల. రాధిక ఒక్కతే ఉండాది,” అన్నాడు కోటి.

“వెళ్ళిరండి. అవసరమైతే ఫోన్ చేస్తాను.”

“మీకెందుకు శ్రమ? నేను చెప్తుంటాలెండి కోటిగారూ,” అన్నాడు హరిబాబు పెద్దమనిషి తరహాగా. కోటి ఫ్యాక్టరీ వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

“ఇక మన పని చూద్దామా పావనిగారూ?” హరిబాబు ట్యాబు తెరిచాడు. “కేసు అరటిపండు ఒలిచినట్టుంది. మీ వాడు కారుకు నీళ్ల స్నానం ఏర్పాటు చేశాడు. డిక్కీలో ట్యాంకు, దానికో మోటారు, ముందు మూడు నాజిళ్లు. మూడో నాజిల్ కుడి చక్రం వైపు తిరిగి ఉంది. ఘాట్ దిగేటప్పుడు కుర్రాడు బటన్ నొక్కాడు, నీళ్లన్నీ చక్రం మీద పడ్డాయి, చక్రం జారింది, అయిపోయింది. చేతకాని మెకానిక్ పని. రాసేశాను కూడా.”

“చేతకానిదేంది సారూ!” స్టీఫెన్ మొదటిసారి గొంతు ఎత్తాడు. “పావనక్కా, నువ్వన్నా విను. టర్బో ఉందే, అది గాలిని నొక్కి ఇంజన్‌లోకి తోస్తాది. నొక్కితే గాలి కాగిపోతాది. దాన్ని చల్లార్చి పంపేదే ఈ ఇంటర్‌కూలర్. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండుంటే అది మాత్రం ఏం చల్లార్చుతాది? బండి గుంజదు. అందుకని దాని మీద మంచు పడినట్టు సన్నగా నీళ్లు చల్లేది. కుండకు తడిగుడ్డ చుడతామే, అట్ల. చక్రానికీ దానికీ సంబంధమే లేదు.”

“గుంజదంటే గుంజదు, నిజమే,” అన్నాడు హరిబాబు, ఒప్పుకోవడం ఇష్టం లేకుండానే. “నా బండీ టర్బోయే. నిన్న స్పాట్ చూడ్డానికి ఆ ఘాట్ ఎక్కిస్తే ముక్కుతూ మూలుగుతూ ఎక్కింది. అలాగని నేను దానికి మందు కొట్టే నాజిళ్లు బిగించుకోలేదు కదయ్యా!”

“మిరప చేలకు మందు కొట్టే నాజిలే సార్. దానికన్నా సన్నగా చల్లేది ఇంకోటి చూపించండి. చూడండి, ఇట్లాంటిదే ఇంకో సెట్టు తెచ్చినా. ఐదు నిమిషాల్లో మీ ముందరే బిగించి చూపిస్తా, ఒక్క చుక్క చక్రం మీద పడితే నన్ను అడగండి.”

“సర్కస్ చూసే టైము లేదు.”

పావని వీళ్ళ గొడవ వింటూనే కారు ముందు గొంతుక్కూర్చుని, చిట్లిన బంపరు లోపలికి టార్చి వేసింది. టార్చి ఒక్కచోట ఆగింది.

“స్టీఫెన్, ఈ స్క్రూల మీద ఎర్రగా ఏంటిది?”

“గోళ్ల రంగక్కా. ఫెబీది. నేను ఏ స్క్రూ బిగించినా దాని తలకూ రేకుకూ కలిపి ఒక గీత గీస్తా. మళ్ళీ ఎవురన్నా ఇప్పితే గీత కలవదు. మా గురువు మోషే అన్న నేర్పించిన అలవాటు.”

“హరిబాబుగారూ, ఇలా రండి. మొదటి నాజిల్, గీత తిన్నగా ఉంది. రెండోది, తిన్నగా ఉంది. మూడోది?”

హరిబాబు వంగాడు. మూడో నాజిల్ బిగింపు మీద గీత రెండు ముక్కలైంది. స్క్రూ తల మీది ముక్క ఒకవైపు, రేకు మీది ముక్క ఒకవైపు.

“గుద్దుకున్నప్పుడు కదిలి ఉంటుంది,” అన్నాడు.

“కదిలితే వదులవుతుంది. స్క్రూడ్రైవర్ ఇస్తాను, తిప్పి చూడండి. నాకైతే బిగుసుకునే ఉంది. గుద్దుకున్న కారు తన స్క్రూ తానే బిగించుకుంటుందా?”

హరిబాబు సోంపు నమలడం ఆపాడు. “మరి మీవాడే విప్పి మళ్ళీ బిగించి ఉండొచ్చు.”

ఫెబీ గబుక్కున ముందుకొచ్చి ఫోన్ చాచింది. “వీడియో ఉంది సార్! బండి అప్పజెప్పేటప్పుడు తీసినాడు. పన్నెండూ యాభై.”

వీడియోలో మార్కాపురంలోని స్టీఫెన్ షెడ్డు. మూడు నాజిళ్లూ ఇంటర్‌కూలర్ మీదే బుస్సుమంటున్నాయి, మూడు ఎర్ర గీతలూ తిన్నగా ఉన్నాయి. డిక్కీలో ట్యాంకు సగానికి ఉంది, నీళ్లు అద్దంలా తేటగా ఉన్నాయి. ఆనంద్ నవ్వుతూ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కారు షెడ్డు దాటి రోడ్డెక్కేదాకా వీడియో ఆగలేదు.

“సగానికే ఎందుకుంది?” అడిగింది పావని.

“క్యాను నీళ్లు అంతే ఉన్నాయక్కా. బోరు నీళ్లు పొయ్యకూడదు, తెల్లగా ఉప్పు కట్టి ఇంటర్‌కూలర్ సందులన్నీ పూడుకుంటాయి. కంభంలో ఇంకో క్యాను కొని పోసుకోమని చెప్పినా. సరే అన్నా అన్నాడు.” స్టీఫెన్ ఒకసారి హరిబాబు వైపు చూశాడు. “ఇంకో మాట కూడా అన్నాడు. వాళ్ల పలకల గనిలో గోడ కూలింది గదా, బావ దాచిపెట్టిన ఆ సంగతి సోమవారం పోయి ఆఫీసర్లకు ఉన్నదున్నట్టు చెప్పేస్తా, బావ తిట్టినా సరేనన్నాడు.”

పావని తలెత్తింది. “ఆ మాట నువ్వు ఇప్పుడా చెప్పేది?”

“సారుకు చెప్పినా. సంబంధం లేదన్నాడు.”

ఆమె హరిబాబువైపు చూసిన చూపుకు అతను ట్యాబులో ఏదో వెతుక్కున్నాడు.

“టైములు చెప్పుకుందాం,” అంది పావని. “మార్కాపురంలో పన్నెండూ యాభైకి బయలుదేరాడు. కంభం పెట్రోలు బంకు కెమెరాలో నేను పొద్దున చూసొచ్చాను, రెండూ ఐదు. ఆ కుర్రాడి చేతిలో ఆ బండికి నలభై నిమిషాల దారి అది. గంటా పదిహేను నిమిషాలు పట్టింది. ముప్పై ఐదు నిమిషాలు ఎక్కడ ఆగాడు?”

“టీ తాగి ఉంటాడు.”

“ముప్పై ఐదు నిమిషాలు టీ తాగడానికి అది టీయా, తిరునాళ్లా?”

ఆమె లేచి చరచరా కారు వెనక్కి నడిచింది. డిక్కీ మూత వంకరపోయింది గానీ ట్యాంకు చెక్కుచెదరలేదు. అందులో నీళ్లు ఇంకా ముప్పావు వంతు ఉన్నాయి, వీడియోలో ఉన్నది సగమే. పైకి తేటగానే కనిపించాయి. పావని జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, స్టీఫెన్ చేత అడుగు గొట్టం వదులు చేయించి, నాలుగు చుక్కలు పట్టింది.

రుమాలు మీద నల్లని మరక పడింది.

“బురద నీళ్లు. ఏ కుంటలోవో,” అన్నాడు హరిబాబు. అంటూనే రుమాలును కూడా ఫోటో తీశాడు.

పావని ఆ మరకను వేళ్ల మధ్య నలిపింది. మట్టిలా గరగరలాడలేదు, మెత్తగా జారింది. ఎక్కడో చూసిన సంగతే, పేరు మాత్రం నోటికి రావడం లేదు. అప్పుడే ఫెబీ వంగి, ఆ రుమాలు అందుకుని వాసన చూసింది.

“అక్కా! ఇది పలక బురద!”

“ఏంటీ?”

“పలక బురదక్కా! పదకొండేళ్లు పలకలు తుడిచినా నేను, నాకు తెలవదా? పలక కోసే చక్రం కాగిపోతాది, దాని మీద నీళ్లు పడతానే ఉండాల. మా దిక్కు మంచినీళ్లు మిషన్‌కు ఎవురు పోస్తారు? కోసిన నీళ్లే తొట్టిలోకి పోతాయి, బురద అడుక్కు తేరుకుంటాది, పైన తేట మళ్ళీ చక్రానికే. పొరపాటున క్యాను నీళ్లు పోస్తే మేస్త్రీ అరిచి సంపేటోడు. చూడ్డానికి తేటగానే ఉంటాయక్కా. ఒక పూట కదలకుండా పెడితే మళ్ళీ అడుక్కు బురద దిగుతాది.”

పావని చప్పున రుమాలు మడిచి జేబులో పెట్టుకుంది. అదీ సంగతి! కాగిన ఇనుముకు నీళ్లు కావలసివస్తే పలకల ఫ్యాక్టరీ మనిషి చెయ్యి ఎటు పోతుంది? ఆలోచించకుండా తొట్టి వైపే పోతుంది. ఏళ్ల తరబడి అలవాటు. ఆ నీళ్లు పోసేటప్పుడు తేటగానే కనిపించాయి, వాడికి అనుమానమే రాలేదు. రాత్రంతా ట్యాంకులో కదలకుండా ఉండి ఇప్పుడు గుట్టు బయటపెట్టాయి.

“ఒక్క నిమిషం,” హరిబాబు చెయ్యి అడ్డం పెట్టాడు, కానీ గొంతులో మునుపటి బిగువు లేదు. “ఆనంద్ కూడా ఆ ఫ్యాక్టరీ వాడే. అతనే పోసుకుని ఉండొచ్చుగా?”

“పోసుకోవచ్చు. కానీ ఫ్యాక్టరీకి పోకుండా ఎలా పోసుకున్నాడు? కారు రానేలేదని కోటి నాకు మూడుసార్లు చెప్పాడు. మీ ముందే చెప్పాడు.”

ఆమె ఆగలేదు. కుడి చక్రం పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని లోపలికి జరిగింది. హరిబాబు తన ఇస్త్రీ చొక్కా వైపు ఒకసారి చూసుకుని, చచ్చినట్టు తనూ పడుకున్నాడు.

“ఇది బ్రేకు గొట్టం. గుద్దుకున్నప్పుడు తెగింది అని రాశారు కదూ? తెగినచోట చూడండి. సగం పీచులు పీచులుగా ఉంది. మిగతా సగం?”

హరిబాబు వేలితో తడిమి చూశాడు. “నున్నగా ఉంది,” అన్నాడు చివరికి.

“సగం కోసి వదిలేశారు. తిన్నటి రోడ్డు మీద ఏమీ కాదు. ఘాట్ దిగేటప్పుడు గట్టిగా తొక్కితే మిగతా సగం ఊడుతుంది. మీలాంటి తెలివైనవాళ్ళు వచ్చి వెతుకుతారు కదా, వాళ్ళ కోసం మూడో నాజిల్‌ను చక్రం వైపు తిప్పి పెట్టారు. నీళ్లు తక్కువైతే నమ్మరని ట్యాంకు నిండుగా నింపారు. హరిబాబుగారూ, ఇది యాక్సిడెంటు కాదు. హత్యాప్రయత్నం. మీరు రాసిన రిపోర్టు హంతకుడు రాయించిన రిపోర్టు.”

బయటికొచ్చిన హరిబాబు మొహం పాలిపోయి ఉంది. దుమ్ము దులుపుకోవడం కూడా మర్చిపోయాడు.

“పావనిగారూ... నేనొక పొరపాటు చేశాను.”

“ఒకటేనా?”

“వెక్కిరించకండి. ఫోటోలన్నీ... తీసిన ఫోటో తీసినట్టు కోటికి పంపిస్తున్నాను. పార్టీ నమ్మకం కోసం ఎప్పుడూ అలాగే చేస్తాను.” ఫోన్ చూపించాడు. ఎర్ర గీత విరిగిన స్క్రూ. నల్ల మరక పడ్డ రుమాలు. రెండింటి పక్కనా నీలం టిక్కులు పడి ఉన్నాయి. చూసిన టైము మూడూ పన్నెండు.

పావని తిట్టడానికి కూడా ఆగలేదు. వెంటనే రాధికకు ఫోన్ చేసింది. టైము మూడూ ఇరవై తొమ్మిది.

“రాధికా, కోటిగారు అక్కడున్నారా?”

“లేడక్కా, పోయి పది నిమిషాలైంది. నంద్యాలలో పెద్ద డాక్టరుతో మాట్లాడినాడంట. తమ్ముణ్ణి ఫ్యాక్టరీ వ్యానులో పడుకోబెట్టుకుని తీసుకుపోయినాడు. ఆసుపత్రోళ్ళు వద్దన్నా సంతకం పెట్టి మరీ తీసుకుపోయినాడు. నన్ను ఇంటికి పోయి బట్టలు సర్దుకు రమ్మన్నాడు.”

“వ్యాను నడిపేది ఎవరు?”

“ఆయనే.”

నంద్యాల దారి అంటే ఆ ఘాటే. పావని గొంతు కుదురుగా పెట్టుకుంది. ఒక్కటి మాత్రం తేల్చుకోవాలి. “నిన్న మధ్యాహ్నం ఆనంద్ ఎక్కడ భోజనం చేశాడో నీకేమన్నా తెలుసా తల్లీ?”

“ఫ్యాక్టరీలోనే అక్కా. ఆయనకు పంపిన క్యారియర్‌లోనే తిన్నాడంట. గోంగూర పప్పు వాడికి ప్రాణం. రాత్రి ఆయనే చెప్పి ఏడ్చినాడు, కడుపునిండా పెట్టి పంపించినా అని.” రాధిక వెక్కింది.

ఆ ముప్పై ఐదు నిమిషాలూ దొరికాయి. లోపల బామ్మర్ది గోంగూర పప్పు కలుపుకుంటుంటే, బయట బావ కారు కింద దూరాడు.

హరిబాబు అప్పటికే ఎస్సైకి ఫోన్ చేస్తున్నాడు. ఆయన కంభం దగ్గర ఉన్నాడు, రావడానికి అరగంట పైనే పడుతుంది. అడవి చెక్‌పోస్టుకు చెప్పించారు గానీ, వ్యాను దాన్ని దాటిపోయి నాలుగు నిమిషాలైందని జవాబొచ్చింది.

“నా బండిలో పోదాం,” అన్నాడు హరిబాబు. అని, నోరు తెరుచుకునే ఆగిపోయాడు. “కానీ ఈ ఎండలో ఘాట్ మీద అది...”

“సారూ, బానెట్టు లేపండి!” స్టీఫెన్ అప్పటికే తన సంచీ విప్పేశాడు.

నాలుగున్నర నిమిషాలు పట్టింది. ఒంగోలు డిటెక్టివ్ కారుకు ముందు జాలీలోంచి మూడు మందు కొట్టే నాజిళ్లు ప్లాస్టిక్ టైలతో బిగుసుకున్నాయి. ట్యాంకు ముందు సీటు కాళ్ల దగ్గర, వైర్లు బ్యాటరీకి. హరిబాబు తానే టార్చి పట్టుకున్నాడు, సర్కస్ అన్న మాట ఊసెత్తలేదు.

“నీళ్లు! నీళ్లేవి?” అరిచాడు స్టీఫెన్.

ఫెబీ ఒక్క క్షణం తన చేతిలోని క్యాను వైపు చూసింది. మొగుడు లాకప్‌లో తాగాల్సిన నీళ్లు. మూత తిప్పి, చుక్క కింద పడకుండా మొత్తం ట్యాంకులోకి వంపేసింది.

“ఆ పిల్లోణ్ణి పట్టుకు రండక్కా,” అంది. “ఆ పిల్లోడు బతికితేనే మా ఆయన బతికేది.”

కారు ఊరు దాటింది, చెక్‌పోస్టు దాటింది. వెనక సీట్లో స్టీఫెన్ ముందుకు వంగి కూర్చున్నాడు. ఘాట్ మొదలైంది. రెండో మలుపు దగ్గర ఇంజన్ మూలగడం మొదలుపెట్టింది.

“నిన్న కూడా సరిగ్గా ఇక్కడే!” అన్నాడు హరిబాబు పళ్ళు బిగించి.

“నొక్కక్కా!”

పావని ఎర్ర బటన్ నొక్కింది. బంపరు లోపల బుస్సుమంది. పది లెక్కపెట్టేలోపు కారు ఒళ్ళు విరుచుకున్నట్టు ముందుకు దూకింది. హరిబాబు “అమ్మ బాబోయ్!” అని స్టీరింగ్ గట్టిగా పట్టుకున్నాడు. స్టీఫెన్ ఏడుస్తూ నవ్వాడు. ప్రతి ఎత్తు దగ్గరా పావని నొక్కుతూనే ఉంది. ట్యాంకులో నీళ్లు గీత గీతా దిగుతున్నాయి.

ఫోన్ మోగింది. రాధిక. సిగ్నల్ తెగి తెగి వస్తోంది.

“అక్కా, ఎందుకడిగినావు అవన్నీ? నాకు భయమేస్తా ఉంది. నీకు ఒకటి చెప్పలా. వ్యాను ఎక్కించేటప్పుడు తమ్ముడు కళ్ళు తెరిచినాడు. ఈయన్ని చూసినాడు. చూసి నా చెయ్యి పట్టుకున్నాడక్కా, వదల్లేదు. నొప్పికేమో అనుకున్నా. ఈయనే వాడి వేళ్లు ఒక్కొక్కటే విడదీసినాడు...”

లైను తెగిపోయింది.

కారు ఘాట్ పైకి చేరింది. ట్యాంకులో ఆఖరి నీళ్లు గుడగుడమన్నాయి. అవతల రోడ్డు కిందికి వాలి, నిన్నటి మలుపు దాకా తిన్నగా కనిపిస్తోంది. మలుపు దగ్గర తొక్క లేచిన చెట్టు. దానికి ఇవతల, ఏటవాలులో, అప్పటిదాకా ఆగి ఉండి అప్పుడే కదులుతున్న ఫ్యాక్టరీ వ్యాను.

“దొరికాడు!” అన్నాడు హరిబాబు.

“ఆగండి,” అంది పావని. “బ్రేకు లైట్లు వెలగడం లేదు.”

వ్యాను వేగం అందుకుంటోంది. డ్రైవరు వైపు తలుపు మెల్లగా తెరుచుకుంది. అందులోంచి ఒక కాలు బయటికొచ్చి, దూకడానికి నేల కోసం వెతుకుతోంది.